ఛాయాచిత్రములు దాగు చిన్న బిళ్ల



మన చిన్నతనమున పెండ్లికి ఫోటో తీయువాడు వచ్చుచున్నాడనగా మూడు కాళ్ల కఱ్ఱయు, నల్లగుడ్డయు, పెద్ద పెట్టెయు వెంట వచ్చెడివి. పిదప ఫిల్ము చుట్టలు వచ్చినవి. ఒక చుట్టకు ముప్పదియాఱు బొమ్మలు. అవి ముగిసినచో మఱియొక చుట్ట. కడిగిన ఫిల్మును వెలుతురునకు ఎత్తి పట్టినచో, తెల్లని పంచె నల్లగను, నల్లని జుట్టు తెల్లగను కానవచ్చి, ఇతడు మన మామ, ఈమె మన మేనత్త అని ఆనవాలు పట్టగలిగెడివారము. బొమ్మ యున్నదో పోయినదో కంటికే తెలిసెడిది. నేడు ఆ సాక్ష్యము మనకు లేదు. డిజిటల్ కెమేరాలో ఫిల్మునకు బదులుగా మెమరీ కార్డు అను చిన్న బిళ్ల యున్నది. దాని పొడవు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 24, మందము 2.1. బరువు సుమారు రెండు గ్రాములు. సెల్‌ఫోనులలో పెట్టునది యింకను చిన్నది, వ్రేలిగోరంత. దానిని వెలుతురునకు ఎత్తి పట్టినను, తిరుగవేసి చూచినను ఏమియు కానరాదు. కడుపునిండ బొమ్మలున్నప్పుడును, ఒక్క బొమ్మయు లేనప్పుడును దాని మొగ మొక్కటియే.

ఇది పిల్లలు చూచుకొను వ్యవహారము, మనకేల యని కొందఱు పెద్ద లనుకొనవచ్చును. పెండ్లి నిశ్చయమైనపుడు వంటవాని చేతివాటమును విచారింతుము. మేళగాండ్ర పేరు విచారింతుము. ఫోటోలు తీయువానిని మాత్రము ధర యడిగి యూరకుందుము. ఐదు దినముల సందడి ముగిసి, పందిరి విప్పి, బంధువులు ఊళ్లకు పోయిన పిదప మిగులునది ఆ ఫోటోలే కదా! ధనమిచ్చువారు మనము, జ్ఞాపకము కావలసినవారు మనము. కాబట్టి ఆ బిళ్ల యెట్టిదో, దేనిని నమ్మవచ్చునో, దేనిని నమ్మరాదో మనకు తెలిసి యుండుట యుక్తము.

మొట్టమొదటి డిజిటల్ కెమేరాకు ఈ బిళ్ల లేదు. 1975 వ సంవత్సరమున అమెరికాలో కోడక్ కంపెనీ యింజనీరగు స్టీవెన్ సాసన్ నిర్మించిన ఆ యంత్రము అడ్డముగా నూఱు, నిలువుగా నూఱు, వెరసి పదివేల చుక్కలతో బొమ్మ నేర్పఱచెడిది. దానిని పాటల క్యాసెట్టువంటి టేపుపై వ్రాయుటకు ఇరువదిమూడు సెకండ్లు పట్టెడిది. నేటి కెమేరాలో ఒక్క బొమ్మకు రెండుకోట్ల చుక్కలకు పైబడి యుండును. అన్ని చుక్కలను కనుఱెప్పపాటులో వ్రాసికొనుటకు తగిన పలక దొరకినందువలననే డిజిటల్ కెమేరాలు లోకమున వ్యాపించినవి. ఆ పలకను కనిపెట్టినవాడు జపాను దేశీయుడు, ఫుజియో మసుఓకా. తోషిబా కంపెనీలో పనిచేయుచు 1984 లో దానిని లోకమునకు వెల్లడించెను. నేడు కార్డులలో వాడు జాతిని 1987 లో ప్రకటించెను. దానికి ఫ్లాష్ అను పేరు పెట్టినవాడు ఆయన సహోద్యోగి షోజి అరిజుమి. వ్రాసినదంతయు ఒక్క పెట్టున తుడిచివేయబడుట చూచి, ఫోటో తీయునప్పటి మెఱపు అతనికి స్ఫురించినదట. ఇట్లు కెమేరా పేరిట పుట్టిన వస్తువు కడకు కెమేరా కడుపులోనే చేరినది.

దీని పనితీరును మన కుండలతో పోల్చి చెప్పవచ్చును. కార్డులో కోట్లకొలది అతి సూక్ష్మమైన గదు లుండును. ఒక్కొక్క గదిలో కొంచెము విద్యుత్తును నింపి, బయటకు పోకుండ చుట్టును పొర కట్టి యుందురు. కరెంటు తీసివేసినను అది లోపల నిలిచి యుండును. కుండ నిండియున్న నొక యక్షరము, వట్టిదైన నింకొక యక్షరము. ఇట్టి కుండలో నిండుగ నున్నదా వట్టిదా యని చూచుట సులభము. కాని తక్కువ తావులో ఎక్కువ వ్రాయవలెనను నాశతో కంపెనీలు ఒకే కుండలో గీతలు గీచి, ఇంతవఱకు నీళ్లున్న నొక యర్థము, అంతవఱకున్న వేఱొక యర్థము అని నిర్ణయించినవి. ఒక గదిలో రెండంకెలు వ్రాయవలెనన్న నాలుగు మట్టములు కావలెను. మూడంకెలకు ఎనిమిది, నాలుగంకెలకు పదునాఱు. మట్టములు పెరిగిన కొలది గీతల నడుమ ఎడము తగ్గును. కొంచెము ఇంకిపోయినను ఒక గీతకు మాఱుగా వేఱొక గీత చదువబడును. ఇది చాలక, తుడిచి వ్రాసినప్పుడెల్ల ఆ చుట్టునున్న పొర కొంత చెడును. ఒక గదికి ఒక్క యంకె వ్రాయు జాతి లక్ష మాఱుల వఱకు తుడిచి వ్రాయుటకు ఓర్చుకొనును. మూడంకెలు వ్రాయు జాతి వేయి మొదలు కొన్ని వేల మాఱులు మాత్రమే. నాలుగంకెలది యంతకంటెను తక్కువ.

ఇది విని భయపడనక్కఱలేదు. లెక్క కట్టి చూడుడు. కార్డు నిండునట్లు నెలకొకమాఱు ఫోటోలు తీసి తుడుచువాడు ఏడాదికి పండ్రెండు మాఱులే తుడుచును. వేయి మాఱులు ముగియుటకు ఎనుబది యేండ్లు పట్టును. అంతకు ముందే కెమేరాయు పోవును, మనమును పోదుము. మఱియు కార్డు లోపలనే యొక చిన్న గుమాస్తాచిప్పు కూర్చుండి, ఒకే గదిని మాటిమాటికి వాడక అన్నిటిని వంతులవారిగా వాడుచు, చెడిన గదులను ప్రక్కకు తొలగించుచు, చిన్నచిన్న తప్పులను దిద్దుచు నుండును. కాబట్టి ఇంటి కెమేరా విషయమున అరుగుదల గొప్ప భయము కాదు. గుడి ముంగిట, పాలకేంద్రము ముంగిట రాత్రింబవళ్లు తిరుగు నిఘా కెమేరాల సంగతి వేఱు. అవి నిలువక వ్రాయుచు, నిండగానే పాతది తుడిచి మరల వ్రాయుచుండును. అట్టివానికి ‘హై ఎండ్యూరెన్స్’ అను గుఱుతుతో ప్రత్యేకముగా చేసిన కార్డులున్నవి. వానినే కొనవలెను. మన సర్పంచులు సామాన్యపు కార్డులు పెట్టించి, దొంగతనము జరిగిన దినమున చూచుకొని, బొమ్మ లేదేమని విచారించుట నే నెఱిగినదే.

మఱి భయపడవలసిన దేది? దొంగసరకు.

దీనిని గుఱించి కొంచెము విస్తరించి చెప్పవలసి యున్నది. మన సంతలలో మానికకు లోపల దొంగ అడుగు కట్టి కొలుచువారు పూర్వమును ఉండెడివారు. మానిక బయటికి మానికయే, లోపల ముప్పాతిక. మెమరీ కార్డు మోసము దానికంటె సూక్ష్మమైనది. కార్డు లోపలి గుమాస్తాచిప్పు తన యజమానికి, అనగా కెమేరాకు, నాలో నింత చోటున్నదని ముందుగా చెప్పుకొనును. కెమేరా ఆ మాటను నమ్మును. ఆ గుమాస్తాచేత అబద్ధము చెప్పించినచో? ముప్పదిరెండు గిగాబైట్ల చోటున్న కార్డుచేత ఐదువందల పండ్రెండున్నదని చెప్పింతురు. పైన అచ్చు కూడ అట్లే వేయుదురు. కెమేరా ధాన్యము పోసినట్లు పోయుచుండును; గుమాస్తా ‘ముట్టినది, ముట్టినది’ అని చిట్టా వ్రాయుచుండును. గాదె నిండిన పిదప పోసినదంతయు నేలపాలగును, లేక ముందు పోసినదానిపైననే పడి దానిని చెఱచును. చిట్టామాత్రము మొదటి భాగముననే యుండుటచే సాధారణముగా చెడదు. అందుచే బొమ్మల పేళ్లన్నియు వరుసగా కనబడును, లెక్కయు సరిపోవును. తెఱచి చూడబోయిన బొమ్మ రాదు, లేక సగము వచ్చి తక్కినది బూడిదరంగు పలకయగును.

మా బంధువుల యింట నొక వృద్ధురాలికి సహస్రచంద్రదర్శనోత్సవము జరిగినది. మనుమడు పట్టణమున నొక అంగడిలో, తక్కినచోట్ల పలుకు ధరలో నాలుగవవంతునకే దొరకినదని పెద్ద కార్డు కొని తెచ్చెను. ఉదయమున హోమము, బ్రాహ్మణాశీర్వచనము చక్కగా వచ్చినవి. మధ్యాహ్నము నుండి తీసినది, అనగా నలుగురు కొడుకులు, కోడండ్రు, పదునొకండుగురు మనుమలు, దేశాంతరమునుండి వచ్చిన పెద్దకూతురు అందఱును ఆమె చుట్టు కూర్చుండి తీయించుకొన్నది, ఒక్కటియు రాలేదు. అంత మంది మరల ఒక్కచోట కూడుట జరుగలేదు. మూడు నెలలకే ఆమె పరమపదించెను. కార్డు ధర ఎంతయో ఆ యింట నిప్పుడు ఎవరును తలచుకొనరు. ఆ మనుమడు మాత్రము ఫోటో అను మాట వచ్చిన లేచి పోవుచున్నాడు. అతని తప్పేమున్నది? చేతిలో నున్నది దొంగదని చెప్పుటకు దానిపై నేమియు లేదు. పేరుగల కంపెనీ ముద్రయే యున్నది.

ఇట్టి మోసమును కనిపెట్టుటకు ఉపాయము కలదు, మిక్కిలి సులభమైనది. కొన్న కార్డును ఒక్కమాఱు పూర్తిగా నింపి, నింపినదానిని తిరిగి చదివి సరిచూచుటయే. కొత్త కుండను నీళ్లు పోసి రాత్రి యుంచి చూడమా? అట్లే. ఈ పనికి ఉచితముగా దొరకు సాధనములు రెండున్నవి. జర్మనీలోని ‘సీటీ’ యను కంప్యూటరు పత్రికవారు ప్రచారములోనికి తెచ్చిన హెచ్2టెస్ట్‌డబ్ల్యూ యొకటి; మిషెల్ మచాడో యనునతడు వ్రాసిన ఎఫ్3 రెండవది. చదువుకొన్న పిల్లలకు ఈ పేళ్లు చెప్పిన చాలును, కంప్యూటరులో వేసి చూచెదరు. పెద్ద కార్డైన కొన్ని గంటలు పట్టును. పట్టనిండు. పెండ్లికి ముందునాడు కాక వారము ముందుగా కొని, ఈ పరీక్ష చేయించి, చెడినచో తిరిగి యిచ్చివేయవలెను. అందులకు రసీదు కావలెను. రసీదు లేని కార్డును ఎంత చవుకైనను కొనరాదని నా దృఢాభిప్రాయము.

ఇచ్చట నొక అపోహ తొలగింపవలెను. అఱువదినాలుగు గిగాబైట్ల మంచి కార్డును కంప్యూటరులో పెట్టిన ఏబదితొమ్మిది చిల్లర యనియే చూపును. ఇది మోసము కాదు. కార్డు చేయువారు వేయికి వేయిగా హెచ్చించి లెక్క కట్టుదురు. కంప్యూటరు వేయి యిరువదినాలుగు చొప్పున హెచ్చించి లెక్క కట్టును. మన వీశెకును కిలోకును గల భేదమువంటిదే. ఈ కారణముచే అంగడివానితో తగవు పడరాదు.

ఏ కంపెనీది కొనవలెనని అడుగుదురు. లోపలి చిప్పులను స్వయముగా తయారుచేయువారు లోకమున కొలదిమందియే. సామ్‌సంగ్, మైక్రాన్, ఎస్‌కె హైనిక్స్, శాన్‌డిస్క్, 2019 లో తోషిబా మెమరీ యను పేరు మార్చుకొన్న కియోక్సియా ముఖ్యులు. తక్కిన పెక్కుమంది వీరివద్ద సరకు కొని తమ ముద్ర వేసి అమ్ముకొందురు. అందును మంచివారున్నారు. పేరొక్కటియే చూచిన చాలదు. పేళ్లును చేతులు మాఱుచుండును. ఫోటోగ్రాఫర్లు ఎంతో నమ్మిన లెక్సార్ అను పేరును మైక్రాన్ కంపెనీ 2017 లో లాంగ్‌సిస్ అను చైనా కంపెనీకి అమ్మివేసినది. ఒక ముచ్చట చెప్పి ముందుకు పోయెదను: 1988 లో శాన్‌డిస్క్ కంపెనీని స్థాపించిన మువ్వురిలో నొకడు మన కాన్పురమున బుట్టిన సంజయ్ మెహ్రోత్రా. అతడే 2017 నుండి మైక్రాన్ కంపెనీకి అధిపతియయ్యెను. ఆ కంపెనీకి హైదరాబాదులో పెద్ద కార్యాలయమున్నది, మన బిడ్డ లెందఱో అందు పనిచేయుచున్నారు. కాబట్టి ఈ బిళ్ల విద్య మనకు బొత్తిగా పరాయిది కాదు.

పేరుగల కంపెనీలు ‘జీవితకాలపు హామీ’ యని అట్టపెట్టెపై వ్రాయుదురు. ఆ హామీ బిళ్లకే గాని బొమ్మలకు గాదు. చెడిన బిళ్లకు కొత్త బిళ్ల నిత్తురు. పోయిన పెండ్లి నెవ్వ రిత్తురు?

ఇక కార్డు పైనుండు గుఱుతుల సంగతి. 1999 లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కంపెనీలు మూడును కూడి ఈ ఎస్‌డి జాతి కార్డును ప్రకటించి, మఱుసటి యేట దానికొక సంఘమును ఏర్పఱచుకొన్నవి. గుఱుతుల నిర్ణయము ఆ సంఘముదే. ఎస్‌డి యని మాత్రమున్నది రెండు గిగాబైట్ల వఱకు. ఎస్‌డిహెచ్‌సి ముప్పదిరెండు వఱకు. ఎస్‌డిఎక్స్‌సి రెండు టెరాబైట్ల వఱకు, అనగా రెండువేల గిగాబైట్ల వఱకు. అమెరికానుండి అల్లుడు పంపిన పాత కెమేరాలో నేటి పెద్ద కార్డు పెట్టిన అది ‘తెలియదు పొ’ మ్మనవచ్చును. కార్డు చెడ్డదని పాఱవేయకుడు. కెమేరా పుస్తకములో ఏ జాతివఱకు స్వీకరించునో వ్రాసి యుండును.

వేగమునకు వేఱు గుఱుతులున్నవి. పైన పెద్ద యక్షరములతో సెకండునకు నూటయేబది, రెండువందలు అని వ్రాసియుండు అంకెను చూచి మురియకుడు. అది మంచి పరిస్థితులలో చదువు వేగము. మనకు కావలసినది వ్రాయు వేగము, అందును ఎంతకు తగ్గదో ఆ హామీ. దానిని చిన్న గుఱుతులలో దాచియుంతురు. ఆంగ్లాక్షరమగు ‘సి’ గర్భమున 10 యున్న సెకండునకు పది మెగాబైట్లకు తగ్గదని యర్థము. ‘యు’ గర్భమున 1 యున్నను పదియే, 3 యున్న ముప్పది. ‘వి’ ప్రక్కన 30, 60, 90 అని యున్నచో అంతంత. ఫోటోలకు మాత్రమే యైన మొదటిది చాలును. వీడియోకు లెక్క కట్టుకొందము. నేటి కెమేరాలలో పెద్ద తెఱ వీడియో సాధారణముగా సెకండునకు నూఱు మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి పండ్రెండున్నర మెగాబైట్లు. పది చాలదు, ముప్పది పుష్కలము. అదే వేగమున గంటకు నలుబదియైదు గిగాబైట్లు నిండును. రెండు గంటల పెండ్లి వీడియోకు తొంబది. ఇంత చిన్న గుణకారము ముందుగా చేసికొనక, మంగళసూత్రధారణ సమయమున కార్డు నిండినదని చేయి యెత్తు ఫోటోగ్రాఫర్లు ఉన్నారు!

పెద్ద కార్డొకటి మేలా, చిన్నవి నాలుగు మేలా యను వాదము చాలకాలముగా నున్నది. చిన్నవి పలుమాఱులు మార్చునపుడు జాఱిపోవచ్చును, తారుమాఱు కావచ్చును. పెద్దది పోయిన సర్వమును పోవును. నా మతమున ఈ వాదమునకు పరిష్కారము వేఱొకచోట నున్నది. వృత్తి ఫోటోగ్రాఫర్ల కెమేరాలలో పెక్కింటికి కార్డులు పెట్టు అఱలు రెండుండును. ప్రతి బొమ్మను రెండింటిలోను ఒకేసారి వ్రాయునట్లు ఏర్పాటు చేయవచ్చును. ఒకటి చెడినను రెండవది యుండును. పెండ్లికి బయానా యిచ్చుటకు ముందు ఫోటోగ్రాఫరును అడుగుడు: ‘అబ్బాయీ, నీ కెమేరాకు రెండఱ లున్నవా? రెండింటను వ్రాయుచున్నావా, లేక ఒకటి నిండిన పిదప రెండవదా?’ ఈ ప్రశ్న విన్నంతనే ఆతడు మిమ్ము చూచు చూపు మాఱును. ఇంకొక ప్రశ్నయు నున్నది: ‘ఆ రాత్రియే బొమ్మలను వేఱొకచోటికి ఎక్కింతువా? అప్పగించువఱకు కార్డులను తుడువక యుంచెదవా?’ దీనికి ఔనన్నవానికి రెండు వేలు ఎక్కువైనను ఈయవచ్చును.

వాడుకలో పాటింపవలసిన వానిలో ముఖ్యమైనది ఒక్కటి. కెమేరాపై చిన్న యెఱ్ఱదీపము మినుకుమినుకుమనుచున్నంతసేపు కార్డును తీయరాదు, తలుపు తెఱవరాదు. అప్పుడు లోపల వ్రాత సాగుచుండును. వ్రాయుచున్న గంటము క్రిందనుండి తాటాకును లాగినట్లగును. అట్లే బ్యాటరీ బొత్తిగా క్షీణించినపుడు తీయుచుండుటయు మంచిది కాదు. కార్డును శుభ్రపఱచుట, అనగా ఫార్మాటు చేయుట, కంప్యూటరులో గాక ఆ కెమేరాలోనే చేయవలెను. కెమేరా తనకు కావలసినట్లు చిట్టా తానే గీచుకొనును. ఎండలో నిలిపిన కారులో వదలరాదు. వేడికి లోపలి విద్యుత్తు త్వరగా ఇంకును. నీళ్లలో పడినంతమాత్రమున నిరాశ పడనక్కఱలేదు. తుడిచి, నీడను బాగుగ ఆఱనిచ్చి, పిదప పెట్టి చూడవచ్చును. అయస్కాంతము దగ్గఱ పెట్టిన బొమ్మలు పోవునని పాత టేపుల కాలపు భయము. దీనికి అది లేదు. విదేశములకు పోవు పిల్లలు విమానాశ్రయమున సంచిని పరీక్షించు యంత్రము వలన బొమ్మలు పోవునేమో యని అడుగుచుందురు. ఫిల్మునకు ఆ భయముండెను, కార్డునకు లేదు. ఎడమ ప్రక్కన నుండు చిన్న మీటను క్రిందికి జఱిపిన కెమేరా ఆ కార్డుపై నేమియు వ్రాయదు. బొమ్మలు నిండిన కార్డునకు అట్లు చేయుట మంచి యలవాటు.

పొరపాటున తుడిచివేసితిమి, ఏమి గతి? ఇందు ఆశకు చోటున్నది. తుడిచితిమనగా సాధారణముగా చిట్టాలోని పేరు కొట్టివేయబడినదే గాని గాదెలోని ధాన్యము వెంటనే పోదు. ఆ తావు ఖాళీ యని గుఱుతు పెట్టబడును. మరల వ్రాసినపుడు మాత్రమే పోవును. కావున తప్పు తెలిసిన క్షణముననే కెమేరాను ఆపి, కార్డు తీసి, పై మీటను జఱిపి, కాగితములో చుట్టి యుంచవలెను. ఇంకొక్క బొమ్మయు తీయరాదు. క్రిస్టోఫ్ గ్రెనియే యను ఫ్రాన్సు దేశీయుడు వ్రాసిన ఫోటోరెక్ అను ఉచిత సాధనమున్నది, దానితో పెక్కు బొమ్మలను తిరిగి రాబట్టవచ్చును. ‘ఎట్లును పోయినవి కదా’ యని అదే కార్డుపై మరల తీయుచు పోవువాడు తన గోతిని తానే పూడ్చుకొనును.

ఇంత చెప్పినను, ఎంత మంచి కార్డైనను అది మోయు గంపయే గాని దాచు గాదె కాదు. కుండలోని విద్యుత్తు ఏండ్ల తరబడి సొరుగులో పడియున్నచో మెల్లమెల్లగా ఇంకుచునే యుండును. వాడి యరిగినదానిలో ఇంకను త్వరగా ఇంకును. మనుమరాలి పుట్టువెండ్రుకల ఫోటోలను కార్డులో నుంచి, కార్డును బీరువాలో నుంచి, ఆమె పెండ్లినాడు తీసి చూచెదమనుకొనుట వట్టి భ్రమ.

దీనికి ఉపాయము మన పూర్వులు ఎఱిగినదే. తాటాకు పుస్తకము శాశ్వతము కాదు. చెద తినును, పురుగు తొలుచును, అంచు విఱుగును. ఐనను వందల యేండ్ల నాటి కావ్యములు మనవఱకు ఎట్లు వచ్చినవి? పాత యాకు శిథిలము కాకముందే కొత్త యాకుపై ప్రతి వ్రాసిరి. ఒక ప్రతి ఒక యింట నుండగా మఱియొక ప్రతి పొరుగూర నుండెడిది. ఒకటి యగ్నిపాలైనను రెండవది మిగిలినది. సి. పి. బ్రౌను దొర కడపలో బంగళా కొని, పండితులను కూర్చి, ఒక్కొక్క గ్రంథమునకు పలు తావుల ప్రతులను తెప్పించి, సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన చెన్నపురికి చేర్చిన ప్రతులు లేనిచో మన సాహిత్యమునకు ఎంత కొఱత కలిగెడిదో పండితు లెఱుగుదురు. అమెరికా దేశపు ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారములోనికి తెచ్చిన సూత్రమొకటి నేడు లోకమంతటను వాడుకలో నున్నది: ప్రతులు మూడు, వస్తువులు రెండు విధములు, అందొకటి యింటికి దూరముగా. తాటాకుల నాడు మనవారు పేరు పెట్టకయే చేసినది ఇదియే కదా!

మన గ్రామములలో దీని నెట్లు నడపవచ్చును? ఇంటి కంప్యూటరులో నొక ప్రతి. చిన్న హార్డు డిస్కులో నొకటి. దానిని పట్టణముననున్న కొడుకింట నుంచవలెను. మూడవది అంతర్జాలమున. ఈ మూడవదానిపై మాత్రమే ఆధారపడరాదు. గూగుల్ ఫోటోలలో ఎన్నియైన ఉచితముగా దాచుకొనవచ్చునను సదుపాయము 2021 జూన్ 1 నాటితో ముగిసినది; ఇచ్చినవారు తీసికొనగలరు. పైగా దాని తాళపు మాట ఒక్కనికే తెలిసియున్నచో, ఆతనితోనే బొమ్మలును పోవును. పొలము పత్రములెక్కడ నున్నవో కొడుకులకు చెప్పునట్లే ఇదియు చెప్పవలెను. వాట్సాప్‌లో అందఱకును పంపితిమి, ఎవరియొద్ద నైన నుండునని ధీమాగా నుండువారున్నారు. దానిలో ఫోటోగా పంపిన బొమ్మ కుదించబడి పోవును. ఫోనులో చూచుటకు చాలును, గోడకు కట్టుటకు చాలదు. అదే బొమ్మను డాక్యుమెంటుగా పంపిన తగ్గక పోవును.

వీనికన్నిటికి మీద, నూటికి పది బొమ్మలనైనను కాగితముపై అచ్చు వేయించుడు. కరెంటుతోను, యంత్రముతోను పని లేక కంటితో చూడదగినది అదొక్కటియే. అచ్చు వేయించిన పిదప ఒక పని యున్నది, అది ఏ కంపెనీయు ఏ కార్డును చేయలేనిది, మీరు మాత్రమే చేయగలిగినది. ఆ బొమ్మలోని వారెవ్వరో మీకు తెలియును. ఎడమనుండి మూడవవాడు మీ పినతండ్రి కొడుకని, ఆ చెంగు పట్టుకొన్న పసిపాప నేడు బెంగుళూరుననున్న డాక్టరమ్మ యని మీకు తెలియును. మీ మనుమలకు తెలియదు. ఒక సాయంకాలము వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మెత్తని పెన్సిలుతో బొమ్మ వెనుక పేళ్లు, ఊరు, సంవత్సరము వ్రాయింపుడు. కలముతో వ్రాసిన సిరా ముందువైపునకు ఊరును, పెన్సిలే మేలు.